పెన్సిలుకు దొరకని నంబరు

నేను స్టోరుకీపరుని. ఇక్కడ సర్కారు వర్క్‌షాపులో తొమ్మిదేళ్లు, ఆ తర్వాత కువైట్‌లో ఏడేళ్లు అదే పని చేశాను. నట్టు ఇవ్వాలన్నా సంతకమే, పానా వాపసు తీసుకోవాలన్నా సంతకమే. ఎవరైనా నవ్వుతూ వస్తే ముందు వాళ్ల చేతుల్లో ఏముందో చూసి, ఆ తర్వాత ముఖం చూడటం అలవాటైపోయింది. ఆ అలవాటు మంచిదా చెడ్డదా అని ఏనాడూ ఆలోచించలేదు. పదహారేళ్లలో నా స్టోరులో ఒక్క వస్తువు తక్కువ రాలేదు, అంతవరకే నాకు తెలుసు.

డెబ్బైల చివర్లో కువైట్ వదిలి వచ్చేటప్పుడు నా వెంట ఒక కారు తెచ్చుకున్నాను. లేత నీలం రంగు, అక్కడ నాలుగేళ్లు నడిపిన బండి. తిరిగి వచ్చేసేవాళ్లు సొంత కారు తెచ్చుకోవచ్చని అప్పట్లో ఒక వీలుండేది. దాని సుంకానికే నా దగ్గరున్నదంతా ఊడ్చుకుపోయింది. వర్క్‌షాపు ఉద్యోగం నేను దేశం విడిచిన రెండేళ్లకే పోయింది కాబట్టి, ఏడేళ్ల ఎండకు నాకు మిగిలింది ఆ బండి ఒక్కటే. దాన్ని చూసే బేగంబజారులో ఒక సేటు నాకు పని ఇస్తానన్నాడు. ఊరి చుట్టూ ఉన్న తన గోదాములన్నీ తిరిగి సరుకు చూసి రావాలి. సొంత బండి ఉన్నవాడే కావాలి. కారు కాగితాలన్నీ అయ్యి రోడ్డు మీద తిరిగిన రోజున వచ్చి చేరమన్నాడు. కారు తిరగకపోతే పని లేదు.

బొంబాయి రేవులో ఇచ్చిన తాత్కాలిక కాగితం నెల రోజులకే. ఆ నెలలోపల ఇక్కడ ఇన్సూరెన్సు చేయించాలి, నంబరు వేయించాలి. నెల ఎంతసేపు, చూస్తుండగానే అయిపోతుందని నాకు మొదటి రోజే గుబులు పట్టుకుంది.

యాకుత్‌పురాలో మా గల్లీలోకి ఆ బండి వచ్చిన రోజు చూడాలి. స్టీరింగు ఎడమ వైపు. కుడి వైపు సీట్లో మా ఆవిడ కూర్చుంది. ఎదురొచ్చిన రిక్షావాళ్లందరూ ఆమె నడుపుతోందనుకొని చూశారు. ఆమె చేతుల్లో స్టీరింగు లేదు, ఒడిలో కూరగాయల సంచి ఉంది. ఒక ముసలాయన గోడకు అంటుకుపోయి నిలబడి అల్లాను తలుచుకున్నాడు. మా ఆవిడ ఇంటికొచ్చాక కడుపు పట్టుకొని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. గల్లీలో ఎవరెవరు బండి చుట్టూ తిరుగుతున్నారో, ఎవరు దేని మీద చెయ్యి వేస్తున్నారో చూస్తూ నిలబడ్డాను.

మొదట ఇన్సూరెన్సు ఆఫీసుకి వెళ్లాను. అక్కడి ఆఫీసరు నాకంటే అనుమానం మనిషి. స్టీరింగు ఎడమనుంది, ముందు బండిని దాటేటప్పుడు నీకు రోడ్డెలా కనిపిస్తుందన్నాడు. అద్దం పగిలితే అద్దమెక్కడ దొరుకుతుందన్నాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, ముందు మూత ఎత్తించి, లోపల రేకు ముక్క మీద కొట్టిన చాసిస్ నంబరు మీద వేలు పెట్టి ఒక్కో అంకె చదివి రాసుకున్నాడు. నాలుగేళ్లలో ఈ బండికి ప్రమాదమేదీ జరగలేదని అక్కడి కంపెనీ ఇచ్చిన కాగితముందా అన్నాడు. ఉంది. కానీ అరబ్బీలో ఉంది. దాన్నీ, కువైట్ రిజిస్ట్రేషన్ కార్డునూ ఇంగ్లీషులో రాయించి, రాసినవాడి ముద్ర వేయించి తెమ్మన్నాడు. రవాణా ఆఫీసులోనూ అదే అడుగుతారట.

అలా నాకు మున్షీ తగిలాడు. రవాణా ఆఫీసు గేటు దగ్గర అర్జీలు రాసిపెట్టే నలుగురైదుగురిలో ఆయనొకడు. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. నిజాం కాలంలో ఏదో కచేరీలో రాతపని చేశాడట. అరబ్బీ, పార్సీ, ఉర్దూ, ఇంగ్లీషు అన్నీ వచ్చు. చిన్న చెక్క పెట్టె ముందేసుకొని, ఉతికిన షేర్వాణీ గుండీలు మెడ దాకా పెట్టుకొని కూర్చునేవాడు. నా కాగితాలు చూసి ఎంతో మర్యాదగా, వీటిని రెండు రోజులు నా దగ్గర వదిలి వెళ్లండి, కార్డు వెనక వైపు సన్నటి అక్షరాలు చాలా ఉన్నాయి, ఇంట్లో భూతద్దంతో చూసి మొత్తం రాసిస్తానన్నాడు.

అంత మర్యాద నాకు నచ్చలేదు. అసలు కాగితాలు అడిగేవాడిని నమ్మకూడదని స్టోరు నేర్పిన మొదటి పాఠం. రెండు రోజుల్లో వాటిని ఎవరికి చూపిస్తాడో, ఏం నకలు తీస్తాడో. నా కళ్ల ముందే రాయాలన్నాను. సరే సాబ్ అని ఆయన ముందు వైపు మాత్రం రాసి ముద్ర వేశాడు. అంకెలు అరబ్బీవి కదా, రేకు మీది అంకెలతో సరిచూస్తానంటే మూత ఎత్తాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకొని, చూపుడు వేలితో రేకును తడుముతూ చదువుకున్నాడు. వెనక వైపు సంగతి రేపు రండి, ఆరామ్‌గా చేసిస్తానన్నాడు. నేను వెళ్లలేదు. పనికిరాని సన్న అక్షరాలు చూపించి ఇంకోసారి తిప్పుకుందామనుకుంటున్నాడని నాకు నేనే తీర్మానించుకున్నాను. కాగితాలు ముట్టినట్టూ తిరిగి ఇచ్చినట్టూ ఆయన చేత రెండు సంతకాలు పెట్టించుకొని మరీ వచ్చాను.

ముందు వైపు తర్జుమాతోనే ఇన్సూరెన్సు అయింది. అప్పటికి దసరా వచ్చింది, ఆఫీసులన్నీ మూశారు. మా ఇంట్లోనూ అందరిలాగే బండికి పూజ చేశాం. నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, ముందు మూత ఎత్తి ఇంజనుకు కూడా పసుపు కుంకుమ పెట్టాం. పండుగ వెళ్లిన మూడో రోజు కారు తీసుకొని రవాణా ఆఫీసుకి వెళ్లాను.

అక్కడ బండ్లు చూసేవాణ్ణి అందరూ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనేవారు. ఆయన పని ముగించే పద్ధతి ఒకటుంది. నంబరు మీద పలచటి కాగితం పరిచి పైన పెన్సిలు అడ్డంగా రుద్దుతాడు. పిల్లలు నాణెం మీద కాగితం పెట్టి రుద్దుతారే, అలాగే. నంబరు తెల్లగా తేలుతుంది. ఆ ముద్రను ఫైలుకు అంటిస్తేనే బండి పాసైనట్టు. నా బండి మూత ఎత్తి కాగితం పెట్టి రుద్దాడు. మొదటి మూడు అంకెలు తేలాయి. మిగతా చోట పెన్సిలు మసి తప్ప ఏమీ లేదు. కాగితం మార్చి మళ్లీ రుద్దాడు. మళ్లీ మూడే. వంగి చూశాడు. చుట్టూ ఇంజనంతా నల్లగా జిడ్డోడుతుంటే ఆ రేకు ముక్క ఒక్కటి తళతళ మెరుస్తోంది.

“కొత్త రేకు బిగించినవా, పాత నంబరు చెరిపినవా?” అని అడిగాడు.

పది రోజుల కిందట ఇన్సూరెన్సు ఆఫీసరు వేలు పెట్టి చదివిన అంకెలవి. కాగితాల్లో ఉంది కదా అన్నాను. కాగితాలు ఈ బండివేనని రేకు చెప్పాలి, రేకు చెప్పకపోతే ఏ కాగితం ఏ బండిదో నాకేం తెలుసన్నాడు. నిజమే, ఆయన కుర్చీలో నేనున్నా అదే అనేవాణ్ణి. బండి ఆఫీసు ఆవరణలో పెట్టించి, ముందు అద్దం మీద సుద్దతో గుర్తు వేయించాడు. వారంలో వేరే రుజువు తేకపోతే దొంగబండి కింద పోలీసులకు రాస్తానన్నాడు.

ఇంటికి నడిచి వచ్చాను. దారంతా లెక్క ఒకటే. ఇన్సూరెన్సు రోజున అంకెలున్నాయి, ఇవాళ లేవు. మధ్యలో ఆ రేకును ముట్టిందెవరు? గల్లీలో వెల్డింగు పని చేసేవాడొకడు బండి వంక అదే పనిగా చూసేవాడు. పండుగకు ముందు బండి కడిగినవాడొకడు. కానీ నా కళ్ల ముందు రేకు మీద వేలు పెట్టి తడిమింది మున్షీ. రేపు రమ్మన్నది మున్షీ. నేను వెళ్లలేదని కచ్చ పెట్టుకొని, ఏ గేటు మనిషి చేతనో నంబరు గీకించి, ఇక తన కాళ్ల దగ్గరికే వస్తాననుకున్నాడు. ఒక్కో ముక్క ఎంత చక్కగా అతికిందంటే, అది అబద్ధం కావచ్చని నాకు తోచనే లేదు.

ఇంట్లో అడుగు పెట్టగానే మా ఆవిణ్ణి అడిగాను, బండి దగ్గరికి ఎవరొచ్చారని. అడిగానంటే మామూలుగా కాదు. ఎవడు చేశాడో దొరికితే జైల్లో వేయిస్తానని అరిచాను. ఆమె ఎవరూ రాలేదంది. సరిగ్గా గుర్తు తెచ్చుకొమ్మని మళ్లీ అడిగాను. ఎవరూ రాలేదని అదే మాట అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే రవాణా ఆఫీసు గేటు దగ్గరికి వెళ్లాను. మున్షీ చుట్టూ ఆరేడుగురున్నారు. పక్కన మిగతా అర్జీలవాళ్లు, చాయ్ బండి దగ్గర ఇంకొందరు. అందరూ వింటుండగానే అన్నాను. నా నంబరు అరగదీయించింది నువ్వేనని, బండ్లు పట్టించి మళ్లీ విడిపించడం నీ దందా అని, నీకు కాగితాలిచ్చినవాళ్లందరూ ఇళ్లకు పోయి సరిచూసుకోవాలని అన్నాను. ఆయన నన్ను అడ్డుకోలేదు. నేను ఆపాక, కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకొని, “నేను చదివిన సాబ్. చదువుడు తప్ప ఏం చెయ్యలే” అన్నాడు. ఆయన ముందు కూర్చున్న ఒకతను తన కాగితాలు తీసుకొని నెమ్మదిగా పక్కాయన దగ్గరికి జరిగాడు. అది చూసి నాకు గెలిచినట్టనిపించింది.

మూడు రోజులు ఎటూ తేలలేదు. మున్షీ గేటు దగ్గరికి రావడం మానేశాడని తెలిసింది. చూశావా, తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకు దాక్కుంటాడు అని మా ఆవిడతో అన్నాను. మూడో రోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాం. సాయంత్రం పోలీసు స్టేషనుకు వెళ్లి అతని మీద కాగితం రాసిస్తాను, ఇంకెన్నాళ్లు ఊరుకోవాలన్నాను. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. గిన్నెలో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“గా ముసలాయన మీద పెట్టకుండ్రి. గది నేనే తోమిన” అంది.

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. దసరా ముందు రోజు ఇంట్లో ఇత్తడి సామానంతా చింతపండు, ఇటుక పొడి పెట్టి తోముతోందట. తెల్లారి పూజకు ఎక్కడ బొట్టు పెట్టాలో చూసుకుందామని మూత ఎత్తిందట. లోపలంతా నూనె, మసి. ఆ రేకు ఒక్కటే చదునుగా, పీటలా కనిపించింది. జిడ్డు మీద పసుపు ఎలా పెట్టాలని, పీచు తెచ్చి, తెల్లగా వచ్చేదాకా తోమింది. పలచటి రేకు, అంకెలు అంత లోతుగా కొట్టినవి కావు. అవి అరిగిపోతాయని ఆమెకు ఎలా తెలుస్తుంది? పూజ రోజు ఆ రేకు మీద పసుపు కుంకుమ పెట్టింది కూడా నా కళ్ల ముందే. దేన్నీ వదలని నా కళ్లు ఆ రోజు పళ్లెంలో నిమ్మకాయలెన్ని ఉన్నాయో చూశాయి కానీ రేకు మెరుపు చూడలేదు.

“మరి అడిగిన నాడు చెప్పలేదేంది?” అన్నాను.

“మీరు అడిగింది గట్ల అడగలే. జైల్ల ఏయిస్తనన్నరు. మీరొచ్చినప్పటిసంది నేనేం ముట్టినా, గదెందుకు ముట్టినవంటరు. భయమైంది” అంది.

ఏడేళ్లు ఒక్కతే ఇల్లు నడిపిన మనిషి. నేను లేనప్పుడు ఎవరికీ భయపడకుండా ఉన్నది నేను వచ్చాక భయపడుతోంది. కోపం రావాలి నాకు, రాలేదు. సిగ్గేసింది.

ఆ సాయంత్రం ఇద్దరం దబీర్‌పురా వెళ్లి మున్షీ ఇల్లు వెతుక్కున్నాం. నేనూ వస్తానని ఆమే బయల్దేరింది. గుమ్మానికి గోనెపట్టా పరదా వేలాడే చిన్న ఇల్లు. ఆమెను లోపలి ఆడవాళ్లు తీసుకెళ్లారు. నన్ను ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టి ఆయన మంచం అంచున కూర్చున్నాడు. తప్పయింది అన్నాను. ఎలా జరిగిందో చెప్పాను. చింతపండు అనగానే ఆయన మీసాల చాటున కొంచెం నవ్వాడనుకుంటాను. వెంటనే, ఆ కార్డు తెచ్చారా అని అడిగాడు. తెచ్చాను. కిటికీ దగ్గర భూతద్దం పెట్టుకొని వెనక వైపు సన్నటి అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు. సగంలో ఆగి, వేలు అక్కడే ఉంచి నా వంక చూశాడు. బండి నంబరు రెండు చోట్ల కొట్టి ఉంటుందట. ఒకటి ఇంజను దగ్గర రేకు మీద. రెండోది కుడి వైపు ముందు సీటు కింద, బండి ఇనుము మీదనే.

ఆ రోజే రెండు రోజులు ఆయన దగ్గర కాగితాలు వదిలి ఉంటే, ఇదంతా లేదు.

ఆయన అప్పటికప్పుడు వెనక వైపంతా ఇంగ్లీషులో రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చాడు. నేను చేతులు పట్టుకోబోతే వద్దన్నాడు. ఒక్క మాట అన్నాడు.

“పది మంది ముందర అన్నరు సాబ్. గా పది మంది ముందరనే కాదని చెప్పుండ్రి. ముప్పై ఏండ్ల సంది అక్కడ కూసుంటున్న. ఇప్పుడు నా దగ్గర కాయితం ఇడిసేటోడు లేడు.”

తప్పకుండా చెబుతానన్నాను. రేపే చెబుతానన్నాను. పరదా అవతల మా ఆవిడ నిలబడి ఉంది, ఆమె కూడా విన్నది.

మర్నాడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి ఆ కాగితం చూపించాను. ఆయన నమ్మలేదు, కానీ సీటు విప్పించాడు. కింద పరిచిన మెత్త లేపితే దోసెడు కువైట్ ఇసుక రాలింది. చీపురుతో ఊడ్చాక ఇనుము మీద లోతుగా, చింతపండుకు లొంగని అంకెలు కనిపించాయి. కాగితం పెట్టి పెన్సిలు రుద్దాడు. ఒక్కొక్కటే తేలి అన్నీ వచ్చాయి. కార్డుతో, ఇన్సూరెన్సు కాగితంతో సరిచూసి తలూపాడు. బండి వెనక, ఇది ఎడమ స్టీరింగు బండి జాగ్రత్త అని పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో రాయించమని, నంబరు సాయంత్రానికి ఇస్తారని చెప్పాడు. అద్దం మీది సుద్ద గుర్తును నేనే చేత్తో చెరిపాను.

సాయంత్రం నంబరు తీసుకొని కారు గేటు దాకా తెచ్చి దిగాను. అక్కడే ఉన్నారందరూ. అర్జీలవాళ్లు, చాయ్ బండాయన, ఆ రోజు విన్న ముఖాలే చాలా ఉన్నాయి. మున్షీ చోటు ఖాళీగా ఉంది. అర్జీలవాళ్లలో ఒకాయన నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. “అయితే దొరికిందా అన్నా? మున్షీ సాబ్ ఒప్పుకున్నడా?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పారు.

అన్నీ కుదిరాయి. నేను అనవలసింది, తప్పు మా ఇంట్లో జరిగింది, ఆయనది ఏమీ లేదని, అంతే. కానీ ఆ మాటంటే ఎలా జరిగిందని అడుగుతారు. చింతపండు సంగతి చెప్పాలి. పదహారేళ్లలో ఒక్క వస్తువు పోగొట్టుకోని స్టోరుకీపరు ఇంట్లో నంబరు తోమేశారని నవ్వుతారు. ఆ నవ్వు రేపటికి బేగంబజారు చేరుతుందేమో, సేటు వింటాడేమో అని కూడా తోచింది. ఇంకోసారి వచ్చి చెబుదాంలే అనుకున్నాను.

“ఎట్లనో దొరికింది అన్నా” అని కారెక్కాను.

ఇంకోసారి చెప్పలేదు. సేటు దగ్గర పనిలో చేరి ఆ కారులో తొమ్మిదేళ్లు గోదాములు తిరిగాను. ఏవో కాగితాల కోసం రవాణా ఆఫీసుకి వెళ్లినప్పుడు మున్షీ చోటులో వేరే మనిషి కూర్చొని ఉన్నాడు. పాతాయన ఏమయ్యాడని నేను అడగలేదు. అడిగితే చెబుతారని భయం.

ఇదంతా పెద్ద తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ ఇన్నేళ్లుగా నన్ను ఎక్కువగా కోసేది ఆ సాయంత్రం ఇంటికి చేరిన సంగతి. నేను కారు ఆపగానే మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. నంబరు వచ్చిందా అని అడగలేదు. “అందరి ముందర చెప్పిన్రా?” అంది.

“చెప్పిన” అన్నాను.

ఎవరెవరున్నారని గానీ, ఏమన్నారని గానీ, ఇంకో ప్రశ్న ఏదీ ఆమె అడగలేదు. మంచిగైందని లోపలికి వెళ్లి నాకు అన్నం వడ్డించింది.